దగ్గరికెళ్తేనే రంగు

మా అన్నయ్య ఎనిమిదేళ్ళకే మా ఊరి కాలవలో ఈత నేర్చుకున్నాడు. వీపుకి ఎండు సొరకాయ కట్టి నాన్నే దింపాడు. అదే రేవులో నేను బిందె ముంచేదాన్ని. నేనూ దిగుతానంటే అమ్మ, "తడిబట్టలతో నలుగురి ముందూ నడిచొస్తావా?" అంది. ఆ మాటని నేను మర్చిపోలేదు. నా రాతల్లో ఎన్నిసార్లు ఉదాహరణగా వాడుకున్నానో!

యాభై దాటాక ఈత నేర్చుకున్నాను. ఆ తరవాత అండమాన్ వెళ్ళి, ఇదివరకు హావ్‌లాక్ అని పిలిచిన స్వరాజ్ ద్వీప్‌లో డైవింగ్ కూడా నేర్చుకున్నాను. వెంట మా అబ్బాయి వదిలేసిన చిన్న కాంపాక్ట్ కెమెరా, అది సరిగ్గా పట్టే నీరు చొరని ప్లాస్టిక్ పెట్టె తీసుకెళ్ళాను.

మాకు నేర్పిన అమ్మాయి అక్కడే పుట్టిన తెలుగు పిల్ల. మొదటి నాలుగు డైవుల్లోనూ కెమెరా ముట్టనివ్వలేదు. "ముందు ఊపిరి, తరవాత ఫొటో ఆంటీ" అనేది. ఫొటో ధ్యాసలో పడితే సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూసుకోం. కాళ్ళకున్న ఫిన్స్ తగిలి పగడాలు విరుగుతాయి. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు విపరీతంగా తెల్లబడిపోయాయి. అంత దెబ్బ తిన్నవాటిని మనం కూడా తన్నాలా? అందుకే ముందు పైకి తేలకుండా, కిందికి మునగకుండా ఊపిరితోనే నిలబడడం నేర్చుకున్నాను.

కెమెరా పెట్టె మూతకి చుట్టూ ఒక రబ్బరు రింగు ఉంటుంది. దానిమీద ఒక్క వెంట్రుక పడినా చాలు, నీళ్ళు లోపలికొస్తాయి. రోజూ రాత్రి జడ బిగించుకుని, టార్చి వెలుతురులో ఆ రింగు తుడిచేదాన్ని.

ఇంత చేసినా మొదటిరోజు ఫొటోలన్నీ నీలమే! ఏ చేపా దాని రంగులో లేదు. నీరు ముందుగా ఎరుపుని మింగేస్తుంది. అయిదారు మీటర్లకే అది చాలావరకు పోతుంది. తరవాత నారింజ, పసుపు. మన కన్ను కొంత సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు. పోనీ జూమ్ చేద్దామా అంటే, చేప పెద్దదిగా కనిపిస్తుందే తప్ప మధ్యనున్న నీరు తగ్గదు. దూరం నుంచి ఫ్లాష్ కొడితే నీళ్ళలోని నలుసులే తెల్లగా మెరుస్తాయి. ఉన్న ఉపాయం ఒక్కటే. మూరెడు దూరానికి వెళ్ళాలి, బెదరగొట్టకుండా ఆగాలి, అప్పుడు ఫ్లాష్ వెయ్యాలి.

అలా ఒక క్లౌన్ చేప దొరికింది. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు. వీటి గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడచేప. అది చనిపోతే దాని జత మగచేప ఆడచేపగా మారుతుంది. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమాలో ఈ సంగతి చెప్పలేదు లెండి! నా ఫొటోలో ఆ పెద్దావిడ నిప్పుకణికలా వచ్చింది.

ఇంటికొచ్చి అమ్మకి చూపించాను. ఎనభై రెండేళ్ళు ఆవిడకి.

"ఇందులో నువ్వేవే?" అంది.

"నేను తీశానమ్మా."

చాలాసేపు చూసింది. "నీళ్ళలో కళ్ళు తెరిస్తే మండవూ? మాకైతే ఎర్రబడిపోయేవి" అంది.

మాకైతే? అడిగితే అప్పుడు చెప్పింది. పుట్టింటి చెరువులో తనకీ ఈత వచ్చట. పెద్దమనిషయ్యాక మాన్పించారట. తడిబట్టల మాట అమ్మమ్మ తనతో అన్నదేనట.

నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్ళూ నా వ్యాసాల్లో ఆవిడ అడ్డం నిలబడ్డ తల్లి, అంతే. ఆ మాట వెనక ఎవరున్నారో ఒక్కసారీ అడగలేదు. గట్టు మీద నుంచుని జూమ్ చేసి తీసిన ఫొటోలు అవన్నీ.

"చెరువు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదేదానివా అమ్మా?" అంటూ కుర్చీ ఆవిడ దగ్గరికి లాక్కున్నాను.