భీమిలి బస్సు తొడుక్కున్న చొక్కా

పిల్లలూ! విశాఖపట్నం నుంచి భీమునిపట్నానికి సముద్రం పక్కగా ఒక దారి వున్నది. కైలాసగిరి, ఋషికొండ దాటుకుంటూ దాదాపు 30 కిలోమీటర్లు సాగి, అది గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి చేరుతుంది. ఆ రేవులో ఒకప్పుడు డచ్చివారు వర్తకం చేశారు. వారి సమాధులు నేటికీ అక్కడ వున్నవి. 1861లోనే ఆ ఊరికి మునిసిపాలిటీ ఏర్పడింది.

మీరు ఆ దారిన వెళ్ళేటప్పుడు, సముద్రాన్ని చూసే ముందు మీరు ఎక్కబోయే బస్సును కాస్త పరీక్షగా చూడండి. దాని పక్కల మీద గుండ్రని బొడిపెలు బారులు తీరి కనిపిస్తవి. అవి రివిట్లు. బస్సుకు లోపల ఎముకల గూడు వంటి ఉక్కు చట్రం వుంటుంది. చాలా బస్సులకు ఆ చట్రం మీద చొక్కాలాగా అల్యూమినియం రేకును తొడిగి, రివిట్లతో బిగిస్తారు. మన ఇళ్ళలో సత్తు గిన్నె అనీ, సిల్వరు గిన్నె అనీ పిలిచేది ఈ లోహంతో చేసినదే. లీటరు నీరు పట్టే చోట ఉక్కును నింపితే అది 8 కిలోలకు దగ్గరగా తూగుతుంది. అల్యూమినియమైతే 2.7 కిలోలే! బస్సు బరువు ఎంత తగ్గితే నూనె ఖర్చు అంత తగ్గుతుంది.

భీమిలికి కొంచెం ముందుగా ఎర్రమట్టి దిబ్బలు వస్తవి. వాటికి ఆ ఎరుపు ఎక్కడిది? ఇసుకలోని ఇనుము గాలిలోని ఆమ్లజనితో కలవటంవల్ల వచ్చింది. ఇనుప మేకుకు పట్టే తుప్పు కూడా అలాంటిదే. ఇనుప తుప్పు పొరలు పొరలుగా రాలిపోతూ, లోపలి ఇనుమును మళ్ళీ గాలికి అప్పగిస్తుంది. అల్యూమినియం కూడా ఆమ్లజనితో కలుస్తుంది. కాని దాని తుప్పు కంటికి కనబడనంత పల్చని పొరగా గట్టిగా అంటుకుని, లోపలి లోహానికి కవచమవుతుంది.

మరి ఇంత మంచి రేకుకు రోగమెందుకు వస్తుంది? ఉప్పుగాలివల్ల. రెండు వేరు వేరు లోహాలు తాకివున్న చోట ఉప్పునీరు చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో కరిగిపోయేది అల్యూమినియమే. ఉక్కు చట్రానికి తాకిన చోట రేకు తెల్లని పొడి అయిపోతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే వుంటుంది. లోపల రేకు డొల్ల అవుతూ వుంటుంది. అందుకే తెలిసిన పనివాడు ఉక్కుకు ముందుగా ప్రైమరు రంగు పూసి, రెండు లోహాల మధ్య రబ్బరువంటి అడ్డు పెట్టి, అప్పుడు గాని రేకు బిగించడు.

బస్సు దేనికైనా గుద్దుకుని రేకు సొట్టపడిందనుకోండి. ఇనుప రేకైతే గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి సుత్తితో సరిచేయవచ్చు. అల్యూమినియం దగ్గర ఆ పప్పులుడకవు! ఇది ఎంత కాలినా ఎర్రబడదు. సుమారు 660 డిగ్రీల వద్ద, చెప్పాపెట్టకుండా కరిగి కారిపోతుంది. పోనీ చల్లగానే బాదుదామంటే, బాదినకొద్దీ అది గట్టిపడి పెళుసవుతుంది. సన్నని అల్యూమినియం తీగను పదే పదే అటూ ఇటూ వంచి చూడండి, పుటుక్కున తెగుతుంది. కనుక చిన్న సొట్టలను వెనక దిమ్మె ఆనించి, కొయ్యసుత్తితో మెల్లగా తీస్తారు. చిరిగిన రేకును, మరీ ముడతపడ్డ రేకును మార్చివేస్తారు.

మార్చటానికి రివిట్ల తలలను డ్రిల్లుతో తొలిచి రేకు విప్పుతారు. అసలైన పరీక్ష అప్పుడే! చట్రం వంగిందా? అతుకులు వూడినవా? తుప్పు తిన్నదా? ఇది చూడకుండా కొత్త రేకు కప్పి రంగు వేస్తే, విరిగిన ఎముక మీద కొత్త చొక్కా తొడిగినట్టే. మళ్ళీ ప్రమాదం జరిగితే ప్రయాణీకులను కాపాడేది చట్రమే గాని, రంగు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు చెట్లు కూలి ఎన్నో బళ్ళు నలిగిపోయినవి. అలాంటి రోజుల్లో తొందరగా బాగుచేయమని అందరూ అడుగుతారు. సరిగా బాగుచేశావా అని అడిగేవారు తక్కువ. ఎవరూ చూడని ఆ లోపలి పని ఎంత శ్రద్ధగా చేస్తాడన్న దాని మీదే పనివాడి నిజాయితీ తెలుస్తుంది.

విప్పిన పాత రేకు వృథా కాదు. దాన్ని కరిగించి మళ్ళీ వాడవచ్చు. ఖనిజం నుంచి కొత్త అల్యూమినియం తీయటానికి పట్టే శక్తిలో ఇందుకు ఇరవయ్యో వంతు చాలు. ఆ ఖనిజం పేరు బాక్సైటు. అది మన తూర్పు కనుమలలోనే, అనంతగిరి, చింతపల్లి కొండలలో వున్నది. ఆ కొండలలో గిరిజనుల ఊళ్ళూ, కాఫీ తోటలూ వున్నవి. అక్కడ తవ్వవద్దని గిరిజనులు ఏళ్ళ తరబడి పోరాడారు. గోస్తనీ కూడా ఆ అనంతగిరి కొండలలోనే పుట్టి, బొర్రా గుహల గుండా పారి, భీమిలికి వస్తుంది.

ఇప్పుడు చెప్పండి: పాత రేకును జాగ్రత్తగా బాగుచేసే పనివాడు ఒక్క బస్సునే కాపాడుతున్నాడా?