ముల్లు సున్నా మీదే ఉందా?

పూర్వం పచారీ కొట్టుకు వెళ్లిన ఇల్లాలు రెండు విషయాలు చూసుకునేది. ఖాళీ త్రాసు ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడిందా? తూకపు రాయి మీద ప్రభుత్వ ముద్ర ఉందా? ఆ రెండూ కుదిరాకే కందిపప్పు పొయ్యమనేది. కోట్ల రూపాయల మాస్ స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చున్న శాస్త్రవేత్తకూ ఆ రెండు అనుమానాలే ఉంటాయి.

రాయి, లోహం, గాజు... ఏ ఘనపదార్థంలో ఏ మూలకం ఉందో ఈ యంత్రం పట్టేస్తుంది. పరమాణువులకు విద్యుదావేశం ఇచ్చి, బరువును బట్టి విడదీసి లెక్కపెడుతుంది. అయితే అది చెప్పేది వట్టి లెక్కే. ఆ లెక్క ఎన్ని గ్రాములకు సమానమో దానికి తెలియదు. మనిషే నేర్పాలి.

సున్నా కుదరకపోతే ఏమవుతుందో క్లెయిర్ పాటర్సన్‌కు బాగా తెలిసొచ్చింది. 1940ల చివర్లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆయన పని, వయసు తెలిసిన రాతిలోని జిర్కాన్ రేణువుల్లో సీసాన్ని కొలవడం. ఎంత రావాలో ముందే తెలుసు. వచ్చిన అంకె మాత్రం ప్రతిసారీ చాలా ఎక్కువ. తప్పు రాతిలో లేదు. గాజు పాత్రల్లో, ఆమ్లాల్లో, గది దుమ్ములో, ఆఖరికి మనుషుల ఒంటి మీదా సీసం ఉంది. అంటే త్రాసు ఖాళీగా ఉన్నా ముల్లు ఒరిగే ఉందన్న మాట.

ఏళ్ల తరబడి కడిగాడు, తుడిచాడు, గదికి శుభ్రమైన గాలి ఏర్పాటు చేసుకున్నాడు. 1953లో అరిజోనాలో పడిన ఇనుప ఉల్క ముక్కలో సీసాన్ని కొలిచాడు. 1956లో భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని ప్రకటించాడు. ఆ అంకె ఇప్పటికీ దాదాపు అలాగే నిలిచి ఉంది.

అంతటితో వదిలేస్తే పేరు ఎలాగూ మిగిలేది. కానీ ఆ దుమ్ములోకి సీసం ఎక్కణ్నుంచి వచ్చిందన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. వెతుక్కుంటూ వెళితే 1920ల నుంచి పెట్రోల్లో కలుపుతున్న సీసం దగ్గర తేలాడు. అది పిల్లల మెదడును దెబ్బతీసే విషం. 1965లో ఆ సంగతి రాసి, ఆ పరిశ్రమతో విరోధం కొనితెచ్చుకున్నాడు. ఆయన 1995 డిసెంబరులో కన్నుమూశాడు. నెల తిరక్కుండానే, 1996 జనవరి 1న, అమెరికా రోడ్ల మీద తిరిగే వాహనాలకు సీసం పెట్రోలు పూర్తిగా నిషేధమైంది. మన దేశంలో 2000లో ఆగింది. చిట్టచివరగా 2021లో అల్జీరియా ఆపేసింది.

ఇక రెండోది తూకపు రాయి. ఘనపదార్థాలతో ఒక చిక్కుంది. లేజర్ కిరణం తగిలితే గాజు ఒకలా, ఇనుము మరోలా ఆవిరవుతాయి. రెండింటిలో సీసం సమానంగా ఉన్నా యంత్రం చెప్పే అంకెలు వేరు. అందుకే కొలవబోయే పదార్థాన్ని పోలిన, లోపల ఏముందో ముందే తేల్చిన నమూనా కావాలి. అమెరికా ప్రమాణాల సంస్థ తయారుచేసిన 610 నంబరు గాజుబిళ్ల అలాంటిదే. మామూలు గాజులో 61 మూలకాలను, ఒక్కొక్కటి కిలోకు దాదాపు 500 మిల్లీగ్రాముల చొప్పున కలిపి పోతపోశారు. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో అదే తూకపు రాయి.

మన హైదరాబాద్‌లోనూ ఇలాంటి రాళ్లు తయారవుతాయి. భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన పదార్థాల సంఘటన నిర్ధారణ జాతీయ కేంద్రం ఇక్కడే ఉంది. అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్‌కు ఇక్కడ ప్రామాణిక నమూనా తయారైంది. మన ఖనిజానికి మన రాయే దొరికిందన్న మాట.

ఇంత చేసినా యంత్రాన్ని గుడ్డిగా నమ్మరు. పొద్దున మొదట గాజుబిళ్ల పెడతారు. నాలుగు నమూనాలు చూశాక మళ్లీ అదే బిళ్ల పెడతారు, మధ్యలో అంకె జరిగిందేమోనని. తెలిసినదాన్ని సరిగ్గా చెప్పాకే తెలియనిదాన్ని అడుగుతారు.