మూడు ఊళ్ళు – మా ఆదివారాలు

బెంగుళూరులో స్థిరపడిన మనవాళ్ళ ఇళ్ళలో ఆదివారం ఎలా గడుస్తుందో చదువరులకు నేను చెప్పనక్కరలేదు. ఆలస్యంగా లేవడం, ఏదో ఒక దర్శిని ముందు నిలబడి దోసె తినడం, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం పిల్లలు మారాం చేస్తే లాల్‌బాగో, మాలో. మా ఇంట్లోనూ చాలాకాలం ఇదే వరస. మా అమ్మాయికి బాగేపల్లి సంబంధం కుదిరాక మాత్రం మా ఆదివారాలు ఉత్తరముఖం పట్టాయి.

మాది తెనాలి. సంబంధం సంగతి తెలియగానే ఊరి నుంచి మా వదిన ఫోను చేసి, "పిల్లను కన్నడం వాళ్ళకిస్తున్నారటగా?" అంది. "కాదు వదినా, తెలుగువాళ్ళే" అన్నాను. "మరి ఊరు కర్ణాటక అంటున్నారే?" అంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ, చివరికి శుభలేఖ ఒకవైపు తెలుగులోనూ, ఒకవైపు కన్నడంలోనూ అచ్చు వేయించాం. తమాషా ఏమిటంటే, రెండువైపులా ఉన్నవి తెలుగిళ్ళకు వెళ్ళిన శుభలేఖలే!

కోలారు ప్రాంతం పాత మైసూరు సంస్థానంలోది. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం ఇక్కడి తెలుగువారి సంగతి పరిశీలించి కూడా జిల్లాను మైసూరులోనే ఉంచమంది. 2007లో ఆ కోలారు జిల్లాను విడదీసి చిక్కబళ్ళాపురం జిల్లా చేశారు. బాగేపల్లి, చింతామణి తాలూకాలు అందులోకి వచ్చాయి. గీతలు ఎన్ని మారినా ఇళ్ళలో మాట మాత్రం మారలేదు. బడిలో కన్నడం, బజారులో రెండూ, పొయ్యి దగ్గర తెలుగు.

చిక్కబళ్ళాపురం

బెంగుళూరు నుంచి హైదరాబాదు రోడ్డున అరవై కిలోమీటర్లు వెళితే చిక్కబళ్ళాపురం. పాతవాళ్ళు ఇంకా ఏడో నంబరు రోడ్డు అంటారుగానీ దాని నంబరు ఇప్పుడు 44. దేవనహళ్ళి దగ్గర 2008లో విమానాశ్రయం వచ్చిన తరువాత ఈ దారంతా స్థలాల బోర్డులే. దేవనహళ్ళి దాటాకగానీ ద్రాక్షతోటలు కనబడవు. నల్లగా, కాస్త పుల్లగా, గట్టి వాసనతో ఉండే బెంగుళూరు బ్లూ ద్రాక్ష ఈ చుట్టుపక్కలదే. మా ఆవిడ దాన్ని తినడానికి కాదు, రసం తీయడానికి కొంటుంది.

అందరూ నంది కొండ మీదికి వెళ్ళి మంచు చూసి వచ్చేస్తారు. కొండ ఎత్తు 1,478 మీటర్లు, చల్లదనానికి లోటు లేదు. కానీ మీరు పిల్లలతో వెళితే ముందు కొండకింది నంది గ్రామంలో ఆగండి. భోగనందీశ్వరుని గుడి వెయ్యేళ్ళు దాటినది. అరుణాచలేశ్వరుడు, ఉమామహేశ్వరుడు, భోగనందీశ్వరుడు పక్కపక్కనే కొలువై ఉంటారు. వెనుక మెట్ల కోనేరు ఒకటి ఉంది, దానిలో నీళ్ళున్నప్పుడు చూడాలి. కింద ఉన్నవాడు భోగనంది, కొండమీద ఉన్నవాడు యోగనంది. "తాతయ్యా, మనం ఏ నంది?" అని మా మనవడు అడిగితే, "తిండి మూటతో వచ్చాం కాబట్టి ఈ పూటకు భోగనందే" అన్నాను.

అక్కడికి దగ్గరలోనే ముద్దేనహళ్ళి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. ఇంటిపేరులోనే ఉంది చూడండి, వారి పూర్వీకులు గిద్దలూరు వైపున్న మోక్షగుండం నుంచి వలస వచ్చినవారు. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదుకు రక్షణ పథకం వేసింది ఆయనే. 1955లో భారతరత్న అందుకుని, నూరేళ్ళు దాటి జీవించి, 1962లో కన్నుమూస్తే ఈ ఊళ్ళోనే సమాధి కట్టారు. ఆయన ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. మైసూరువాళ్ళు మావాడంటారు, మనం మనవాడంటాం. ఆయన ఎవరితోనూ తగాదా పెట్టుకోకుండా ఇద్దరికీ నీళ్ళు ఇచ్చాడు.

2023 జనవరిలో చిక్కబళ్ళాపురం దగ్గర 112 అడుగుల ఆదియోగి విగ్రహం ఆవిష్కరించారు. అప్పటి నుంచి శని, ఆదివారాలలో ఈ దారిలో రద్దీ పెరిగింది. కొండకైనా, విగ్రహానికైనా తెల్లవారుజామునే బయలుదేరడం మంచిది.

ఇంకొక మాట. నెల్లూరుదాకా పారే పెన్న పుట్టేది ఈ నంది కొండల వరుసలోనే. బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి వెళ్ళే చిత్రావతి, కడప జిల్లాకు వెళ్ళే పాపాగ్ని కూడా ఈ చుట్టుపక్కల పుట్టినవే. ఇన్ని నదులకు పుట్టిల్లయిన ఈ జిల్లాలో సంవత్సరం పొడుగునా పారే నది ఒక్కటి లేదు. మన ఊళ్ళకు నీళ్ళు పంపి తాను దాహంతో ఉండిపోయిన నేల ఇది.

బాగేపల్లి

మా వియ్యాలవారి ఇల్లు ఊరిబయట. గేటు తీస్తుండగానే వియ్యంకుడుగారి పిలుపు వినబడుతుంది. "రాండి బావా, ఎండలో వస్తిరి. తిండి అయిందా?"

మొదటిసారి ఈ మాటకు మా ఆవిడ కాస్త చిన్నబుచ్చుకుంది. మన వైపు "తిండి" అంటే కొంచెం మోటు. ఇక్కడ అది ఉదయం ఫలహారం, కన్నడం నుంచి వచ్చిన మర్యాదైన మాట. అలాగే మన చారు వీళ్ళకు సారు. మన పిన్ని వీళ్ళకు చిన్నమ్మ. "పోతాండాము", "వస్తాండారు" అనే మాటలు మొదట్లో మా చెవికి కొత్తగా ఉన్నా, ఇప్పుడు మా ఆవిడే తెనాలి ఫోనులో "సొల్ప ఉండు" అంటోంది. సొల్ప అంటే కొంచెం, అదీ కన్నడమే!

భోజనం సంగతి చెప్పాలి. డిసెంబరు, జనవరి నెలల్లో వెళితే అనపకాయల కాలం. మంచు పడినకొద్దీ కాయకు కమ్మటి వాసన పడుతుంది. దాన్ని వీళ్ళు సొగడు అంటారు. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున్నే వేళ్ళ మధ్య ఒక్కొక్కటీ పితికి తొక్క తీస్తారు. అదే పితికిన పప్పు. ఇంటికి వచ్చినవాళ్ళెవరైనా ఆ చేట ముందు కూర్చోవలసిందే. వియ్యపురాలని, చుట్టమని మినహాయింపు లేదు. మా పెళ్ళి మాటల్లో తేలని విషయాలు ఎన్నో ఆ చేట దగ్గర తేలిపోయాయి. గంటసేపు పితికితే గిన్నెడు పప్పు వస్తుంది. కొబ్బరి, ధనియాలు నూరిపోసి పులుసు పెడితే, పక్కన రాగిముద్ద. ముద్దను నమలకూడదు. వేళ్ళతో చిన్న ఉండ తుంచి, పులుసులో ముంచి, మింగాలి. నమిలితే పళ్ళకు అంటుకుంటుంది. "మింగండి వదినగారూ, మాత్ర అనుకోండి" అని వియ్యపురాలు నేర్పింది. మా ఆవిడ మూడు సంక్రాంతులకు నేర్చుకుంది. మిగతా కాలాల్లో ఆకుకూరలు ఉడకబెట్టి, ఆ వార్చిన నీళ్ళతో చేసే బస్సారు ఉంటుంది. పండగైతే ఓళిగలు. మన బొబ్బట్టుకంటే పలచన, నెయ్యి మాత్రం మనకంటే ఉదారం.

2025 జులైలో నంది కొండ మీద జరిగిన రాష్ట్ర మంత్రివర్గ సమావేశం బాగేపల్లికి భాగ్యనగర అని పేరు పెట్టడానికి ఆమోదం తెలిపింది. "పల్లి" అన్నది మన మాట, కన్నడంలో అయితే హళ్ళి. దీని మీద మా ఇంట్లో రెండు వారాలు చర్చ నడిచింది. బెంగుళూరు నుంచి ఒక భాగ్యనగరానికి బయలుదేరితే దారిలో ఇంకొక భాగ్యనగరం వస్తుందన్నమాట అని నేను హాస్యమాడితే, వియ్యంకుడుగారు నవ్వి, "పేరు మారితే బస్సు బోర్డు మారుతుంది బావా. మా అమ్మ మమ్మల్ని పిలిచిన పిలుపు మారుతుందా?" అన్నారు. ఆ తరువాత కొంచెంసేపు ఆయన నవ్వలేదు.

ఆయన దిగులు పేరు గురించి కాదు, నీళ్ళ గురించి. ఆయన పొలంలో మూడు బోర్లు వేయించారు. రెండు ఎండిపోయాయి. మూడోది వెయ్యి అడుగులు దాటి వెళ్ళింది, నీళ్ళు వస్తున్నాయి గానీ తాగడానికి పనికిరావు, ఫ్లోరైడు. ఒకప్పుడు రాగి, శెనక్కాయలు వేసిన నేలను కొనడానికి ఇప్పుడు బెంగుళూరు నుంచి కార్లలో వస్తున్నారు. అల్లుడు కూడా "అమ్మేసి మా దగ్గరికి వచ్చేయండి నాయనా" అంటున్నాడు. ఆయన ప్రతి ఏడూ "వచ్చే వాన చూద్దాం" అంటారు. ఈ మధ్య బెంగుళూరులో మనం వాడి వదిలిన నీటినే శుద్ధిచేసి, హెబ్బాళ–నాగవార లోయ పథకం కింద ఈ జిల్లా చెరువులకు పంపుతున్నారు. రెండు దశల్లో శుద్ధి చాలదు, మూడో దశ కూడా కావాలని రైతులు అడుగుతున్నారు. ఆ సంగతి విన్నప్పటి నుంచి మా ఆవిడ సింకులో ఏది పడితే అది పోయడం మానేసింది. "వదినగారి చెరువుకు పోతుంది" అంటుంది.

చింతామణి

బాగేపల్లి వియ్యపురాలి పుట్టిల్లు చింతామణి. ఏడాదికి ఒకసారైనా ఆవిడను అక్కడికి తీసుకువెళ్ళడం మా కారు వంతు. కారు లేకపోయినా ఫరవాలేదు, చిక్కబళ్ళాపురం నుంచి శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం మీదుగా కోలారుకు రైలుంది. శిడ్లఘట్టలో దిగి పట్టుగూళ్ళ సంత చూస్తే, మన పెళ్ళి చీర ఎక్కడ మొదలవుతుందో పిల్లలకు తెలుస్తుంది. చింతామణి తాలూకాలోనే మురుగమల్ల దర్గా ఉంది. హిందువులూ, ముస్లిములూ అందరూ మొక్కుకుంటారు. కైలాసగిరి గుహలు కూడా చూడదగినవే.

కానీ మేము వెళ్ళేది ముఖ్యంగా కైవారం. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనని స్థలపురాణం. అంతకంటే ఈ ఊరికి పేరు తెచ్చింది కైవార తాతయ్య, యోగి నారేయణ. గాజులు అమ్ముకునే బలిజ కుటుంబంలో పుట్టి యోగి అయ్యారు. గురువు ఇచ్చిన గులకరాయి నోట్లో పెట్టుకుని మంత్రం జపిస్తే అది కలకండగా మారిందని కథ. 110 ఏళ్ళు జీవించి 1836లో సమాధి పొందారని చెబుతారు. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ పాడారు. కాలజ్ఞానం చెప్పారు. ఈ ప్రాంతంలో భజన జరిగితే ఆయన తత్వాలు లేకుండా జరగదు.

ఒకసారి అక్కడి మంటపంలో మా వియ్యపురాలు సంచిలోంచి పాత పుస్తకం తీసి పాడడం మొదలుపెట్టింది. చక్కని తెలుగు, ఎక్కడా తడబాటు లేదు. మా ఆవిడ పక్కకు వంగి చూసి ఆశ్చర్యపోయింది. పాట తెలుగు, అచ్చు కన్నడ లిపి. వియ్యపురాలికి తెలుగు అక్షరం ఒక్కటి రాదు. మా ఆవిడకు కన్నడ అక్షరం రాదు. ఇద్దరి నోటా ఉన్నది ఒకే భాష.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో మా మాటలన్నీ మనవడి చుట్టూ తిరిగాయి. వాడికి తొమ్మిదేళ్ళు. బెంగుళూరులో ఇంగ్లీషు బడి. మాతో మాట్లాడితే సగం ఇంగ్లీషే. బాగేపల్లి అవ్వతో మాత్రం పూర్తిగా తెలుగే, ఎందుకంటే ఆవిడకు ఇంగ్లీషు రాదు. అంటే, పత్రికలు తెప్పించి, పుస్తకాలు బీరువా నిండా పెట్టుకున్న మా ఇంట్లో వాడికి రాని తెలుగు, అక్షరం రాని ఆవిడ దగ్గర వచ్చింది. ఆ ఇల్లు అమ్ముడుపోయి, ఆ అవ్వ బెంగుళూరులో మూడో అంతస్తు ఫ్లాటులో టీవీ ముందు కూర్చుంటే, వాడి తెలుగు ఏమవుతుంది? పొలం అమ్మకం అంటే ఎకరాల లెక్క ఒక్కటే కాదని నాకు అప్పుడు బాగా అర్థమయింది.

మేము చేసిన పని ఒకటి చెబుతాను, కర్ణాటకలో ఉన్న మన కుటుంబాలకు పనికిరావచ్చు. మనవడికి బడిలో కన్నడం ఉంది, కాబట్టి ఆ అక్షరాలు వచ్చు. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్ళు. గ, జ, డ, న, బ, మ, ర, ల ఇంచుమించు ఒకటే. తలకట్టు మనది పైకి లేస్తుంది, వారిది అడ్డంగా వాలుతుంది. క, త వంటి కొన్నిటిని మాత్రం ప్రత్యేకంగా చూపించాలి. వాడికి కొత్తగా అఆలు దిద్దించే పని లేకుండా, తేడాలు మాత్రం ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆరు ఆదివారాలు పట్టింది. దారిలో కొడికొండ చెక్‌పోస్టు దాటి లేపాక్షి దాకా వెళ్ళి, తెలుగు బోర్డులు చదివించాం. అన్నిటికంటే మంచి పాఠం అవ్వ పుస్తకమే. అవ్వ కన్నడ లిపిలో చూసి పాడుతుంది, వాడు తెలుగు లిపిలో నోటుబుక్కులో రాస్తాడు. ఇప్పటికి పదకొండు తత్వాలు అయ్యాయి. తప్పులు మా ఆవిడ దిద్దుతుంది.

వియ్యంకుడుగారు ఇంకా పొలం అమ్మలేదు. ఈసారి రాగి వేశారు, కొంచెం వాన పడింది. మనవడి పుస్తకంలో ఇంకా చాలా కాగితాలు ఖాళీగా ఉన్నాయి. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళ పాత పుస్తకం ఏ లిపిలో ఉన్నా సరే, వచ్చే ఆదివారం బయటికి తీయండి. ఉత్తరం వైపు వస్తే అనపకాయల కాలంలో రండి. చేట సిద్ధంగా ఉంటుంది.