పేరు తెలియని ఆ పిట్ట!

సంక్రాంతి సెలవులు. అలీసాగర్ పార్కులో ఎటు చూసినా పిల్లల కేరింతలే. చెట్ల కింద పెద్దవాళ్లు టిఫిన్ డబ్బాలు విప్పుతున్నారు. నీళ్లంచున బురదలో ఓ పిట్ట మాత్రం ఈ గోలేదీ పట్టనట్టు తన పనిలో తానుంది.

‘నాన్నా, అదేం పిట్ట?’ అడిగాడు మావాడు.

‘కొంగ పిల్ల’ అనేశా.

‘కొంగ కాళ్లు అంత సన్నగా ఉంటాయా?’

నా పాండిత్యం అక్కడితో సరి. సంచిలోంచి పక్షుల పుస్తకం, బైనాక్యులర్ తీయక తప్పలేదు.

నిజామాబాద్ నుంచి బోధన్ వెళ్లే దారిలో ఉంటుంది అలీసాగర్. నిజాం జమానాలో, 1931లో కట్టిన జలాశయం. ఎదురుగా గుట్టలు, పక్కన తోట... ఊళ్లోవాళ్లకి ఆదివారం విడిది ఇదే.

పోల్చేదెలా?

నీళ్ల ఒడ్డున తిరిగే పిట్టలు చాలావరకు ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఒక్కో గుర్తూ చూసుకుంటూ, కానివాటిని పక్కన పెట్టుకుంటూ వెళ్లాలి. మా పిట్ట వీపు లేత బూడిద రంగు, పొట్ట తెలుపు, కాళ్లు ఆకుపచ్చ ఛాయ. పక్కనే నల్ల రెక్కలు, గులాబీ కాళ్లతో బ్లాక్‌వింగ్డ్ స్టిల్ట్‌లు నిలబడ్డాయి. అవి మన చెరువుల్లో తరచూ కనిపించేవే. మాది ఆ జాతి కాదు. మరి వుడ్ శాండ్‌పైపరా? దానికైతే కాళ్లు పసుపు, గోధుమరంగు వీపు మీద తెల్లని చుక్కలు ఉండాలి. అదీ కాదు.

ఇక మిగిలినవి రెండే. గ్రీన్‌షాంక్, మార్ష్ శాండ్‌పైపర్. రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. దూరం నుంచి సైజు చెప్పడం కష్టం కానీ, పక్కనున్న స్టిల్టే మాకు కొలబద్ద అయింది. గ్రీన్‌షాంక్ సైజులో దానికి కాస్త దగ్గరగా వస్తుంది. మా పిట్ట బాగా చిన్నది. గ్రీన్‌షాంక్ ముక్కు మందంగా, చివర కొంచెం పైకి వంగి ఉంటుంది. దీని ముక్కు మాత్రం సూదిలా సన్నగా, తిన్నగా ఉంది. ఇంతలో ఎవరో రాయి విసిరారు. పిట్ట ఎగిరింది. తోక దాటి వెనక్కి సాగిన పొడవాటి కాళ్లు స్పష్టంగా కనిపించాయి. అనుమానం తీరింది... మార్ష్ శాండ్‌పైపర్!

‘గవి ఉల్లంకి పిట్టలు సార్. నాట్లకు ముందు పొలం కరిగెట చేస్తుంటే మస్తుగ వస్తయ్’ అన్నాడు పల్లీలు అమ్ముకునే పెద్దాయన. నేను పుస్తకం తిరగేసి తేల్చుకున్న కుటుంబం పేరు ఆయన నోటి మీదే ఉంది!

వేల మైళ్ల చుట్టం

ఈ పిట్ట గుడ్లు పెట్టేది తూర్పు ఐరోపా నుంచి సైబీరియా దాకా ఉన్న గడ్డి మైదానాల తడినేలల్లో. అక్కడ చలి ముదిరేలోపు బయల్దేరి మన దేశానికి, ఆఫ్రికాకి చేరుతుంది. బురదలోని పురుగులు, నీటి కీటకాలే దాని భోజనం. ఎండలు ముదిరేసరికి తిరుగు ప్రయాణం.

మంజీరపై నిజాంసాగర్ పూర్తయిన 1931లోనే, సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు. ఏ పిట్ట ఎక్కడుందో నమోదు చేయడమే ఆయన పని. అలా రాసిపెట్టడం వల్ల ఏం ఒరుగుతుందంటారా? కడప జిల్లాకు వెళ్దాం. 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివికోడి 1986లో అక్కడి లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. ఆ తర్వాత అదే అడవి అభయారణ్యమైంది. దాని కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. పేరు తెలిసింది కాబట్టే పిట్టకి రక్షణ దొరికింది.

బురదే బతుకు

అలీసాగర్ నుంచి బోధన్ దాకా వెళ్లాం. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు తెచ్చుకున్న శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు బండ్లు బారులు తీరిన ఊళ్లలో ఇప్పుడు ఎటు చూసినా వరి. రైతు కష్టం మాటల్లో చెప్పలేనిది. ఉల్లంకి పిట్టలకి మాత్రం నీళ్లు పెట్టిన ఆ మడులే విస్తరి.

చెరువుల సంగతే బెంగ. అందంగా ఉండాలని ఒడ్డంతా రాళ్లు పరిచి సిమెంటు చేస్తే మనకి వాకింగ్ ట్రాక్ వస్తుంది, పిట్టకి కాలు మోపే చోటు పోతుంది. ట్రాక్ ఒక వైపు వేసి, రెండో వైపు కొంచెం బురద వదిలేస్తే చాలు, ఇద్దరికీ సరిపోతుంది. మనవైపు నుంచి రాళ్లు విసరకుండా ఉంటే ఇంకా మంచిది.

తిరుగు దారిలో మావాడు ఉన్నట్టుండి ‘నాన్నా, బండి ఆపు’ అన్నాడు. రోడ్డు పక్క మడిలో ఓ పిట్ట. వాడు బైనాక్యులర్ లాక్కుని చూశాడు.

‘పసుపు కాళ్లు, వీపు మీద చుక్కలు... వుడ్ శాండ్‌పైపర్! కొంగ పిల్ల కాదు నాన్నా.’