వంటలక్క వేషం, మా రంగు, సోమవారం ఇవ్వాల్సిన పేర్లు

పోస్టు పెద్దదే, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చివర్లో మీ సాయం అడుగుతున్నాం.

మేము మునగపాకలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. ముగ్గురం ఒకే గది. ముగ్గురివీ పాడేరు పైన ఊర్లు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కినవాళ్లం మేమే మొదలు. ఒకరు టైపు చేస్తుంటే ఇద్దరు పక్కన కూర్చుని చెప్తున్నారు, అందుకే ఇందులో అంతా "మేము" అనే ఉంటుంది.

సంగతి ఒక సీరియల్‌తో మొదలెట్టాలి. నవ్వకండి.

కార్తీకదీపం తెలియనివాళ్లు మన గ్రూపులో ఉండరు. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. మేము ఏడో తరగతిలో ఉండగా మొదలైంది, ఇంటర్ రెండో ఏడాదిలో అయిపోయింది. అంటే మేము పెద్దమనుషులమై, ఓణీలు వేసుకుని, అద్దంలో మొహం చూసుకోవడం నేర్చుకున్న ఏళ్లన్నీ ఆ సీరియల్ ఏళ్లే. 2020లో కరోనాకి బడి మూసేసి ఇంటికి పంపేస్తే, మాలో ఒకరి ఊర్లో డిష్ ఉన్న ఇల్లు ఒక్కటే. రాత్రి ఏడున్నరకి కరెంటుంటే ఆ ఇంటి అరుగంతా జనమే. తెలుగు సగమే అర్థమయ్యే ముసలమ్మలు కూడా డాక్టర్ బాబుని మన భాషలో తిట్టేవారు.

ఎందుకంత ఇష్టం? అందులో దీప నల్లగా ఉంటుంది కాబట్టి. అత్త సౌందర్యకి మొదట్లో నలుపంటేనే పడదు. మొగుడు అనుమానించి వదిలేస్తాడు. ఆవిడ ఎవరి కాళ్లూ పట్టుకోకుండా వంటలు చేసి బతుకుతుంది, కూతుర్ని పెంచుకుంటుంది. అప్పటిదాకా మేము చూసిన సీరియళ్లలో నల్లగా ఉన్నది పనిమనిషో, విలన్ పక్కనుండే మనిషో. కథ మొత్తం ఒక నల్లమ్మాయి చుట్టూ తిరగడం, ఆ అమ్మాయి ఏడిస్తే ఊరంతా ఏడవడం మాకదే మొదటిసారి.

ఆ వేషం వేసింది ప్రేమి విశ్వనాథ్. కేరళ ఆవిడ. ఈ కథ కూడా అక్కడిదే. 2014లో ఏషియానెట్‌లో కరుత్తముత్తు అని వచ్చింది, అంటే నల్ల ముత్యం. అందులోనూ మొదట ఈవిడే హీరోయిన్. తనది కాని భాషలోకి వచ్చి, పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు కళ్లతోనే లాక్కొచ్చింది. సొంత పేరు జనానికి గుర్తుండదు, ఎక్కడ కనబడినా వంటలక్కే. ఒక నటికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. మళ్లీ, పేరే మింగేసిన వేషం నుంచి బయటికి రావడం ఎంత కష్టమో అని కూడా అనిపిస్తుంది. 2024 మార్చిలో రెండో కార్తీకదీపం మొదలైతే అందులోనూ ఆవిడ దీపే.

ఇంటర్‌లో ఉండగా ఒకరోజు ఫోన్లో ఆవిడ మామూలు ఫోటో చూశాం. తెల్లగా ఉంది. సీరియల్లో ఉన్న నలుపు మేకప్పు. ఆ రోజు మా గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మోసపోయామని కాదు. మనలాంటిదే అనుకున్న మనిషి, షూటింగ్ అవ్వగానే మొహం కడుక్కుని వెళ్లిపోతుంది. మాకు కడిగితే పోయేది కాదు కదా.

ఆవిడ మీద మాకు కోపం లేదు. ఇచ్చిన వేషం ప్రాణం పెట్టి వేసింది. మా ప్రశ్న వేరే. నల్లమ్మాయి కథ చెప్పాలనుకున్నప్పుడు కూడా నల్లమ్మాయిని ఎందుకు వెతకరు?

ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో మా ట్రంకు పెట్టెల్లో ఫెయిర్‌నెస్ క్రీములుండేవి. 2020లో ఆ కంపెనీ డబ్బా మీద "ఫెయిర్" తీసేసి "గ్లో" అని పెట్టింది. మేము మాత్రం రాయడం మానలేదు. హాస్టల్లో కొత్తగా చేరిన ఒక చెల్లిని అందరూ "వంటలక్కా" అని ఏడిపిస్తే మేమూ నవ్వాం. ఆ చెల్లి నవ్వలేదు. సీరియల్లో వంటలక్కని చూసి ఏడ్చిన మేమే, ఆ పేరుని తిట్టులా వాడాం. ఆ చెల్లి ఈ గ్రూపులో ఉంది. తప్పయిపోయింది చెల్లీ.

ఇక్కడ మునగపాక చుట్టూ చెరకే. చలికాలమంతా గానుగల దగ్గర బెల్లం వాసన వస్తుంది. ఆ బెల్లం అనకాపల్లి మార్కెట్‌కి వెళ్తుంది. అక్కడ రంగు చూసే ధర. తెల్లగా, పచ్చగా ఉంటే రేటు, నల్లగా ఉంటే తక్కువ. అందుకని కొందరు పాకంలో హైడ్రోస్ మందు కలిపి రంగు తేలుస్తారు. మందు లేని బెల్లమే ఒంటికి మంచిదని ఇక్కడ చిన్నపిల్లాడికి కూడా తెలుసు. తెలిసినా తూకం దగ్గర రంగే మాట్లాడుతుంది. మొదటిసారి ఈ సంగతి విన్నప్పుడు ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మా హాస్టల్లో వంట చేసే అక్కని కూడా అందరూ వంటలక్క అనే పిలుస్తారు. ఆవిడ ఒకసారి గిన్నెల కుప్ప ముందు కూర్చుని అంది: "ఏటమ్మా, ఆ వంటలక్క ఓపాలైనా ఇన్ని గిన్నెలు తోమిందేటి? ఆవిడికి సెమట పట్టదు, సీర నలగదు." పడీ పడీ నవ్వాం. తర్వాత ఆలోచిస్తే నిజమే. దీప బలమంతా ఓర్చుకోవడంలోనే ఉంది. ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలిపోయేదానికి ఏళ్ల తరబడి మొగుడు నమ్మేదాకా ఎదురుచూసింది. బలమైన ఆడవేషం అంటే ఎక్కువ దెబ్బలు తినే వేషమేనా?

మన ఊర్లలో ఆడవాళ్లకి ఓర్పు తక్కువేం కాదు. కానీ వాళ్లు ఓర్చుకుని ఊరుకోరు. కొండ దిగి సంతకి వచ్చి చింతపండు తూకంలో దొంగలెక్క పట్టుకుంటారు. నొప్పులొచ్చిన కోడల్ని డోలీలో మోసుకుపోతుంటే, అర్ధరాత్రి టార్చి పట్టుకుని ముందు నడిచేది అత్తే. ఆ అత్త వేషం ఏ సీరియల్లో ఉంది?

మా అమ్మల కాలంలో జెమినీలో పిన్ని వచ్చేది. 1999లో తమిళంలో మొదలైన చిత్తి అది. రాధిక అందులో నటించడమే కాదు, తీసింది కూడా ఆవిడ సొంత కంపెనీ రాడానే. ఋతురాగాలు, చక్రవాకం, మొగలిరేకులు తీసింది మంజులా నాయుడు, ఆవిడా ఆడదే. అంటే వేషం ఎవరో ఇస్తారని కూర్చోకుండా, కథే తమ చేతిలోకి తీసుకున్న ఆడవాళ్లు టీవీలో ముందే ఉన్నారు. ఎవరు రాస్తే వాళ్ల ఇల్లే తెర మీద కనబడుతుంది. మన ఇల్లు కనబడాలంటే మనమే రాయాలి.

కేరళలోనే అట్టప్పాడి కొండల్లో నంజియమ్మ ఉంది. ఇరుల ఆదివాసీ. అయ్యప్పనుమ్ కోషియుమ్ సినిమాలో తన భాషలో తనే పాడింది. 2022లో ఆవిడకి ఉత్తమ గాయనిగా జాతీయ అవార్డు ప్రకటించారు. శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోలేదు కదా అని గొణిగినవాళ్లున్నారు. అయినా అవార్డు ఆవిడదే, గొంతు కూడా ఆవిడదే. ఎవరూ ఆ గొంతుకి రంగు పూయలేదు.

ఇప్పుడు అసలు సంగతి.

పోయిన ఏడాది మా కాలేజీ వార్షికోత్సవంలో మన్యం తిరుగుబాటు నాటకం వేశారు. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసిన మనవాళ్ల కథ. అందులో గిరిజన తల్లి వేషం ఒకటుంది, బాగా డైలాగులున్నది. మేము ముగ్గురం పేర్లిచ్చాం. "మీ యాస స్టేజీ మీద బాగోదమ్మా, మీరు థింసా చేయండి" అన్నారు. ఆ వేషం వేరే అమ్మాయికిచ్చి, చేతులకీ మొహానికీ నల్లరంగు పూసి స్టేజీ ఎక్కించారు. మేము పక్కన థింసా చీరలు కట్టుకుని నిలబడి చూశాం. మా తాతల కథలో, మా అమ్మ వేషం, మా రంగు పూసుకుని ఇంకొకరు. ఆ అమ్మాయి మంచిదే. దిగాక రంగు పోవట్లేదని మా దగ్గరే కొబ్బరినూనె అడిగింది. ఇచ్చాం.

థింసా అంటే మాకు సిగ్గు కాదు, ప్రాణం. కానీ ఏడాదికోసారి చేతులు పట్టుకుని ఆడటానికే మమ్మల్ని పిలుస్తారు, మాట్లాడటానికి పిలవరు. అదే బాధ.

ఈ ఏడాది మేమే ఇరవై నిమిషాల నాటకం రాసుకున్నాం. డోలీ ముందు టార్చి పట్టుకుని నడిచిన అత్త కథ. మాలో ఒకరి నాయనమ్మ కథే అది. సగం తెలుగు, సగం కువి. మేకప్పు లేదు. యాస మాదే. చివర్లో అత్త ఏడవదు. మర్నాడు ఊరి ఆడవాళ్లందరినీ వెంటేసుకుని రోడ్డు కావాలని ఆఫీసు మెట్లెక్కుతుంది.

పేర్లు సోమవారం ఇవ్వాలి. ఇద్దరం సరే. అత్త వేషం వేయాల్సిన మూడోది రాత్రి నుంచి భయపడుతోంది, కువి మాట్లాడితే కిందనుంచి నవ్వుతారని. ఇందాక వాళ్లమ్మకి ఫోన్ చేసింది. ఆవిడకి నాటకం అంటే ఏంటో చెప్పడానికే పది నిమిషాలు పట్టింది. అంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే: "ముసలిది టార్చి ఏ చేత్తో పట్టుకుందో తెలుసా నీకు? ఎడం చేత్తో. కుడి చెయ్యి డోలీ కర్ర మీద ఉండేది."

ఫోన్ పెట్టేశాక పిల్ల లేచి, దుప్పటి చుట్టి కర్రలా భుజాన పెట్టుకుని, ఫోన్ లైటు ఎడం చేతిలోకి మార్చుకుని గదిలో అటూ ఇటూ నడుస్తోంది. ఇది టైపు చేస్తుంటే ఇంకా నడుస్తూనే ఉంది.

మీరు చేయాల్సింది ఇది. కాలేజీల్లో మన భాషలో స్టేజీ ఎక్కినవాళ్లు ఎవరైనా ఉంటే, నవ్వినప్పుడు ఏం చేశారో రాయండి. అక్కలూ, అన్నలూ, సోమవారం పొద్దున బస్సెక్కేలోపు దానికి చదివి వినిపించాలి.

జై ఆదివాసీ.