లో వోల్టేజ్ అంటే నాయినకు పడదు

మా జహీరాబాద్ వైపు 'లో వోల్టేజ్' అనేది మంచి మాట కాదు. ఎండాకాలం పొద్దున ఊళ్లో మోటర్లన్నీ ఒక్కసారే ఆన్ చేస్తే ఇంట్లో బల్బు ఎర్రగా మిణుకుమంటుంది, బోరు మోటర్ మూలుగుతుంది. ఆ మూలుగు విని పరుగెత్తి స్టార్టర్ ఆపకపోతే వైండింగ్ కాలిపోతుంది. కాలిన మోటర్‌ని బోరులోంచి పైకి తియ్యాలి, ఆటోలో వేసుకుని టౌన్‌కి తేవాలి, రాగితీగ చుట్టించాలి, మళ్లీ దింపాలి. ఈలోపు చెరుకు వాడిపోతుంది. మా నాయినకు ఇది మూడుసార్లు అనుభవం. అందుకే పోయిన ఎండాకాలం సెలవుల్లో "కంప్యూటర్‌కు వోల్టేజ్ తగ్గిస్త నాయినా" అన్నప్పుడు ఆయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

పొలం ఉన్నా మాకు అన్నం పెట్టేది బస్టాండ్ రోడ్డులోని స్టూడియో. పేరుకి ఫొటో స్టూడియో, నడిపించేవి పెళ్లి వీడియోలు. పైన రేకులు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి లోపల కూర్చోవడం అంటే పొయ్యి పక్కన కూర్చోవడమే. ఏసీ పెడితే బిల్లు కట్టలేం, నీళ్ల కూలర్ పెడితే ఆ తడిగాలి మెషిన్‌లోకే పోతుంది. వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టిన పది నిమిషాలకే ప్రాసెసర్ 90 డిగ్రీలకు చేరి, తనంతట తానే వేగం తగ్గించుకునేది. అది చెడిపోవడం కాదు, దాన్ని తయారుచేసిందే అట్లా. కానీ ఫ్యాన్ల మోతకి కస్టమర్ మాట వినిపించదు, ఆ వేడి అంతా మళ్లీ అదే గదిలోకి.

"ఉల్టా మాట్లాడుతున్నవ్ రా," అన్నాడు నాయిన. "వోల్టేజ్ తగ్గితే మోటర్ కాలుతది. ఇది కాలదా?"

నిజం చెప్తున్నా, రెండేళ్లలో ఏ వైవాలోనూ నన్ను ఎవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. రెండూ కరెంటుతో నడిచేవే. ఒకటి వోల్టేజ్ తగ్గితే కాలుతుంది, ఇంకొకటి చల్లబడుతుంది. ఎందుకు?

మోటర్‌కు మోయాల్సిన బరువు ఉంది. నీళ్లు అదే లోతు నుంచి రావాలి, ఆ పని తగ్గదు. వోల్టేజ్ తగ్గినా అదే పని చెయ్యాలంటే ఎక్కువ కరెంట్ లాగుతుంది. వైండింగ్‌లో పుట్టే వేడి కరెంట్ వర్గంతో పెరుగుతుంది. అందుకే ఆ మూలుగు, ఆ మాడు వాసన. ప్రాసెసర్‌కు అట్లాంటి బరువేమీ లేదు. లోపల కోట్లాది స్విచ్‌లు, ఒక్కోదానికి ఒక బుల్లి కెపాసిటర్. నింపడం, ఖాళీ చెయ్యడం, అంతే దాని పని. మనం డిజిటల్ క్లాసులో రాసుకున్న సి వి స్క్వేర్ ఎఫ్ ఇదే. వోల్టేజ్‌కి వర్గం ఉంది కాబట్టి కొంచెం తగ్గించినా లాభం ఎక్కువ. 1.28 వోల్టుల నుంచి 1.21కి దిగితే వోల్టేజ్ తగ్గింది ఐదున్నర శాతమే, స్విచింగ్‌కు పోయే పవర్ మాత్రం దాదాపు 11 శాతం తగ్గుతుంది. ఇదేం కొత్త వింత కూడా కాదు. 1993లో వచ్చిన మొదటి పెంటియం 5 వోల్టులది, మరుసటేడు వచ్చినవి 3.3 వోల్టులవి. చిప్‌ల చరిత్రలో పెద్ద భాగం వోల్టేజ్ తగ్గించుకుంటూ రావడమే.

నాయినకు వర్గాలు చెప్పలేదు. బిందెల లెక్క చెప్పిన. నిండు బిందె అంటే ఒకటి, ఖాళీ బిందె అంటే సున్నా. గొంతు దాకా నిండితే లెక్కకు చాలు, పొర్లిపోయేదాకా పోసే నీళ్లన్నీ దండగ.

"మరి కంపెనోళ్లు ఎందుకు పోస్తున్నరు?"

ఎందుకంటే ఏ రెండు చిప్‌లూ ఒక్కతీరుగా రావు. ఒకటి 1.20కి నడుస్తుంది, ఇంకోదానికి 1.25 కావాలి. అన్నిటికంటే బలహీనమైనది కూడా ఏళ్ల తరబడి, ఎండలో కూడా నడవాలని అందరికీ కలిపి కొంచెం ఎక్కువే ఇస్తారు. మనకొచ్చింది బలమైన చిప్ అయితే ఆ మిగులు మనది.

ఇదంతా విని నాయిన టీ తెప్పించాడు. తాగాక ఒక మాటన్నాడు. "మోటర్ కాలితే తెలుస్తది. ఇది కాలకుండ తప్పు పని చేస్తే ఎట్ల తెలుస్తది?"

అసలు భయం ఇదే. బిందె నిండటం ఆలస్యమైతే క్లాక్ ఆగదు, సగం బిందెనే చదివేస్తుంది. ఒకటి ఉండాల్సిన చోట సున్నా. మెషిన్ హ్యాంగ్ అయితే అదృష్టమే, అవ్వకుండా తప్పు జవాబుతో ముందుకు పోతేనే కష్టం. 2019 డిసెంబర్‌లో బయటపడ్డ ప్లండర్‌వోల్ట్ దాడి ఈ కిటుకు మీదే నడిచింది. ఇంటెల్ ప్రాసెసర్ల వోల్టేజ్‌ని సాఫ్ట్‌వేర్‌తో లెక్కగా దించి, గుణకారాల్లో తప్పులు పుట్టించి, రహస్య కీలను లాగి చూపించారు పరిశోధకులు. దాంతో చాలా ల్యాప్‌టాప్‌లలో వోల్టేజ్ తగ్గించే దారి మూసేశారు. మా హార్డ్‌డిస్కుల్లో కీలు లేవు, తాళి కట్టే సీన్లు ఉన్నాయి. వాటికి రీటేక్ ఉండదు.

మధ్యలో మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగాయి. నాకు కావాల్సింది అదే. మాది ఏఎండీ ప్రాసెసర్, బయాస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది. ఒక్కో అంకె తగ్గిస్తే సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు దిగుతుంది. మన హాస్టల్లో 'మైనస్ 30 పెట్టిన, గేమ్ మస్తు నడుస్తుంది' అనేవాళ్లున్నారు. గేమ్ నడవడం పరీక్షే కాదు. ఫుల్ లోడ్‌లో నిలబడిన సెట్టింగ్, ఒక్క కోరు మాత్రమే గరిష్ఠ వేగానికి ఎగిరినప్పుడు జారిపోతుంది. అందుకే కోర్‌సైక్లర్‌తో ఒక్కో కోరుని విడిగా రాత్రంతా ఉరికించిన. మైనస్ 20 దగ్గర రెండో రాత్రి ఒక కోరు తప్పింది, అదీ అన్నిటికంటే వేగంగా ఉరికేదే. దానికి మైనస్ 8, మిగతా ఏడింటికి మైనస్ 15 పెట్టిన. ఆరు రాత్రులు ఒక్క ఎర్రర్ లేదు, ఈవెంట్ వ్యూయర్ కూడా ఖాళీ.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వోల్టేజ్ ఒక్కటే తగ్గిస్తే వేడి తగ్గదు! మిగిలిన పవర్‌ని కూడా ప్రాసెసర్ వేగం పెంచుకోవడానికి వాడేసుకుని మళ్లీ 90కే పోతుంది. అందుకని 142 వాట్లున్న పవర్ లిమిట్‌ని 95కి కట్టేసిన. ఒకే మధ్యాహ్నం, ఒకే ఫైలు, ముందు పాత సెట్టింగ్, వెంటనే కొత్తది. పాతదానికి 90 డిగ్రీలు, 52 నిమిషాలు. కొత్తదానికి 79 డిగ్రీలు, 51 నిమిషాలు. ఎక్కువ తిని మెల్లగా నడిచేదల్లా తక్కువ తిని అదే నడక నడిచింది.

నాయిన మాత్రం ఈ అంకెలు నమ్మలేదు. పాత పెళ్లి ఒకటి కొత్త సెట్టింగ్‌లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయించి, ఎదురుకోళ్ల నుంచి అప్పగింతల దాకా మూడు గంటలు కూర్చుని చూశాడు. ఎక్కడైనా చుక్క పడిందా, గడులు గడులుగా చెదిరిందా అని. మధ్యలో ఫోన్లు ఎత్తలేదు. లేచి, "ఫ్యాన్ సప్పుడు తగ్గింది" అన్నాడు. అంతే.

బయాస్ అప్‌డేట్ చేస్తే ఈ సెట్టింగులు పోతాయి. కోర్ల అంకెలన్నీ చీటీ మీద రాసి క్యాబినెట్ తలుపు లోపల అంటించిన. దసరాకి ఇంటికి పోయినప్పుడు దుమ్ము దులుపుదామని తలుపు తీస్తే, చీటీ కింద నాయిన రాత ఉంది: 'ఎండాకాలం మొదలయితే మల్ల రాత్రి టెస్ట్ పెట్టాలె.'