సంతకం చేయవలసినది ఎవరు?

భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం నుంచి పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పెద్దాయన ఇంట్లో ఆ సాయంత్రం కూర్చున్నాను. యౌవనంలో శ్రీకాకుళం జిల్లా నుంచి కొలువు వెతుక్కుంటూ వచ్చి, ఇక్కడే స్థిరపడిన మనిషి. టీవీలో బస్తర్ వార్తలు సాగుతున్నాయి. ఆయన శబ్దం తగ్గించి నావైపు తిరిగారు.

"చూడు బాబూ, నేను ఇనుము కరిగించడానికి వచ్చాను. మా జిల్లావాడే ఇంకొకాయన ఆ ఇనుము ఉన్న అడవిలోకి పోయాడు. ఇద్దరమూ ఇక్కడివాళ్లం కాము. మరి ఇక్కడివాళ్లు ఏరీ?"

ఆయన చెప్పిన ఆ 'ఇంకొకాయన' నంబాళ్ల కేశవరావు, అలియాస్ బసవరాజు. జియ్యన్నపేటలో పుట్టి, వరంగల్ ఆర్ఈసీలో ఇంజినీరింగ్ చదివి, 2018లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయినవాడు. 2025 మే 21న నారాయణపూర్ జిల్లా అబూజ్‌మాడ్ ప్రాంతంలో భద్రతా బలగాల చేతిలో మరణించాడు. ఆనాడు ఆయన ఊరు, చదువు, కుటుంబం గురించి మేమంతా పుంఖానుపుంఖాలుగా రాశాం. ఆయనతో పాటు మరణించిన పాతిక మందికి పైగా మనుషులు మాత్రం మా వార్తలలో ఒక సంఖ్యగా మిగిలిపోయారు. అలా రాసినవారిలో నేనూ ఉన్నాను.

దిల్లీలో కొందరు మిత్రులు మావోయిస్టులను నాగా, మిజో తిరుగుబాటుదారుల సరసన చేర్చి వేర్పాటువాదులంటారు. ఆ మాట సరికాదు. బస్తర్‌ను దేశం నుంచి విడదీయాలని వారు కోరలేదు. దేశంలోని రాజ్యాధికారాన్నే తుపాకితో హస్తగతం చేసుకోవాలనుకున్నారు. అయితే ఈ పోలిక వృథా కాదు. నాయకత్వం విషయానికి వచ్చేసరికి అది ఒక కఠినమైన ప్రశ్నను మన ముందుంచుతుంది.

మిజో నేషనల్ ఫ్రంట్ 1966లో ఆయుధం పట్టింది. ఇరవై ఏళ్ల తరువాత, 1986 జూన్ 30న శాంతి ఒప్పందం కుదిరింది. దాని నాయకుడు లాల్‌డెంగా మిజో. ఒప్పందం తరువాత ఆయన తన ప్రజల మధ్యకే తిరిగి వచ్చి ముఖ్యమంత్రి అయ్యాడు. 1989 ఎన్నికలలో ఓడిపోయాడు. అయినా ఆయన పార్టీ మళ్లీ అడవి దారి పట్టలేదు. ఆ శాంతి నిలవడానికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి, ఒప్పందం మంచిచెడ్డలకు నాయకుడు తన ఇరుగుపొరుగుకే జవాబు చెప్పుకోవలసి రావడం.

బస్తర్‌లో అలా జవాబు చెప్పవలసినవారెవరు? 1980లో కొండపల్లి సీతారామయ్య నేతృత్వంలో పీపుల్స్‌వార్ ఏర్పడిన కొద్దికాలానికే దళాలు గోదావరి దాటి దండకారణ్యంలో ప్రవేశించాయి. తునికాకు కూలి రేట్ల కోసం, అటవీ సిబ్బంది దౌర్జన్యాలకు వ్యతిరేకంగా వారు చేసిన పోరాటాలను కాదనలేము. ఆదివాసులు వారిని నమ్మడానికి అవే మూలం. కానీ నాయకత్వపు పై మెట్లు దశాబ్దాల పాటు ప్రధానంగా తెలుగువారివే. ముప్పాళ్ల లక్ష్మణరావు, మల్లోజుల సోదరులు, బసవరాజు అందరూ మన జిల్లాలవారే. సుకుమా జిల్లా పువర్తికి చెందిన మాడ్వి హిడ్మా కేంద్ర కమిటీ వరకు ఎదిగేనాటికి ఉద్యమం చరమాంకంలో ఉంది. ఆయన కూడా 2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో హతుడయ్యాడు.

అంతకు నెల ముందే మల్లోజుల వేణుగోపాల్ సుమారు అరవై మందితో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించారు. ఆ నిర్ణయాన్ని కొందరు ద్రోహమన్నారు, కొందరు వివేకమన్నారు. నా ఆక్షేపణ వేరు. యుద్ధం ఆరంభించాలన్న తీర్మానం పైనుంచి వచ్చింది. విరమించాలన్న తీర్మానమూ పైనుంచే వచ్చింది. మధ్యలో నలభై ఏళ్లు చనిపోతూ వచ్చిన గ్రామాలను ఎవరూ అడగలేదు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో జరిగిన చర్చలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతోనే. ఆ బల్ల దగ్గర బస్తర్‌కు కుర్చీ లేదు. లొంగిపోయిన పెద్ద నాయకుడికి తిరిగి వెళ్లడానికి ఒక జిల్లా ఉంటుంది. లొంగిపోయిన గోండు యువకుల్లో ఎందరో డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్ యూనిఫాం తొడిగి, నిన్నటి సహచరుల మీదికే తుపాకి ఎత్తవలసివచ్చింది.

ఈ దోషాన్ని ఉద్యమ నాయకత్వానికే అంటగట్టి ప్రభుత్వాన్ని వదిలిపెట్టడం న్యాయం కాదు. ఆదివాసి చేతికి ఆదివాసి మీద ఆయుధమిచ్చిన సల్వాజుడుం 2005లో మొదలైంది. అలా ప్రత్యేక పోలీసులను నియమించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తేల్చవలసివచ్చింది. ఇక ఆయుధం పట్టని నాయకుడికి ఏమైందో తెలుసుకోవాలంటే భిలాయ్ దాటి వెళ్లనక్కరలేదు.

మరునాడు ఉదయం ఆ పెద్దాయన నన్ను హుడ్కో కాలనీ వైపు తీసుకువెళ్లారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున అక్కడి ఇంట్లో నిద్రలో ఉన్న శంకర్ గుహ నియోగిని కిటికీలోంచి కాల్చి చంపారు. ఆయనా బయటివాడే, బెంగాలీ. కానీ గని కార్మికుల బస్తీలో, వారిలో ఒకడిగా బతికాడు. భిలాయ్ కొలిమికి ఖనిజం పంపే దల్లీ రాజహరాలో కార్మికుల చందాలతో, శ్రమతో షహీద్ ఆసుపత్రి నిలబడింది. అది 1983లో మొదలైంది. పోరాటం, నిర్మాణం రెండూ కలిసి సాగాలన్నది ఆయన సూత్రం. హత్య కేసులో కాల్చినవాడికి శిక్ష పడింది. అభియోగం మోపబడిన పారిశ్రామికవేత్తలు చివరకు నిర్దోషులుగా బయటపడ్డారు. మరుసటి ఏడాది జులై 1న పవర్‌హౌస్ స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. నిరాయుధ నాయకత్వాన్ని కాపాడలేని వ్యవస్థ, ఆయుధమే శరణ్యమనేవారి వాదానికి తానే బలం చేకూర్చింది.

2026 మార్చి నాటికి మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు ప్రకటించింది. తుపాకులు మూగబోవడం మంచిదే. చింతల్‌నార్ దగ్గర ఒక్కరోజున 76 మంది జవాన్లు నేలకొరిగిన 2010 ఏప్రిల్ మళ్లీ రాకూడదు. కానీ నాయకులను లెక్కపెట్టి కొట్టివేసినంత మాత్రాన ఒప్పందం కుదిరినట్లు కాదు. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చిన అధికారాలు కాగితం మీద ఉన్నాయి. రావ్‌ఘాట్ గనుల నుంచి భిలాయ్‌కి ఖనిజం తరలించే విషయంలో, ఆ కొండల చుట్టూ ఉన్న గ్రామసభల మాట నిజాయితీగా వింటారా? బస్తర్‌లో సంతకం చేయవలసినవారు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. వారి ముందు ఇంతవరకు ఎవరూ కాగితం పెట్టలేదు.

తిరుగు ప్రయాణానికి స్టేషన్‌లో నిలబడి ఉండగా ఖనిజం నింపుకొన్న గూడ్సు ఒకటి దాటిపోయింది. "దల్లీ రాజహరా నుంచి వస్తోంది," అన్నారు పెద్దాయన. తరువాత కాసేపు ఇద్దరమూ మాట్లాడుకోలేదు.